హైదరాబాద్ మిద్దె మీద జుకినీ: పిందెలు రాలకుండా కాయ కోసుకోవాలంటే

బతుకమ్మ పండగ అయిపోయిందంటే మిద్దె తోటల వాళ్ళకి ఒకటే హడావిడి, టమాటా నారు, క్యాబేజీ నారు, క్యాలీఫ్లవర్ నారు అనుకుంటూ నర్సరీల చుట్టూ తిరుగుడే. ఆ లిస్టులోకి ఈ మధ్య జుకినీ, అదే కీరదోస లాగా పొడుగ్గా ఉండే గుమ్మడి జాతి కాయ, అది కూడా వచ్చి చేరింది. సూపర్ మార్కెట్లో రెండు కాయలు ప్లాస్టిక్ చుట్టి పెట్టి వాళ్ళు వేసే రేటు చూస్తే ఎవరికైనా ఇంట్లో ఒక చెట్టు పెట్టుకుందాం అనిపిస్తది, పెట్టుకోవాలి కూడా, ఎందుకంటే కాయగూరల్లో ఇంత తొందరగా చేతికొచ్చేవి తక్కువ, గింజ పెట్టిన 45 నుంచి 55 రోజుల్లో మొదటి కాయ కోసేస్తం. కాకపోతే చాలామంది ఇళ్ళల్లో కథ ఒక్క దగ్గరే ఆగిపోతది. చెట్టు మస్తు పెరుగుతది, ఆకులు ఇంతింత వెడల్పుగా వస్తయి, పిందెలు కూడా కనబడతయి, ఇంక కాయే అనుకునేలోపు పిందె కొన నుంచి పసుపు తిరిగి మెత్తబడి రాలిపోతది. అప్పుడు ఇంక సలహాలు మొదలు, వర్మీకంపోస్ట్ వేయమని ఒకరు, ఎప్సమ్ సాల్ట్ అని ఒకరు, అరటి తొక్కల నీళ్ళు అని ఇంకొకరు.

నన్నడిగితే జుకినీకి ఎరువు మూడో నంబర్ విషయం. మొదటిది ఏ నెలలో పెట్టినం అనేది, రెండోది పొద్దున ఏడింటికి మనం చెట్టు దగ్గర ఉన్నమా లేదా అనేది. ఈ రెండూ కుదిరితే మామూలు మట్టిలో కూడా కాస్తది, ఈ రెండూ కుదరకపోతే ఎంత ఖరీదైన ఎరువు పోసినా ఆకులే.

ఎప్పుడు పెట్టాలి

యూట్యూబ్‌లో జుకినీ వీడియోలు చాలా వరకు అమెరికా, ఇంగ్లండ్ వాళ్ళవి, వాళ్ళు మేలో గింజ పెట్టమంటరు, ఎందుకంటే వాళ్ళకి అప్పుడే మంచు కురిసే భయం పోతది. మనం మేలో పెడితే ఏమైతదో వేరే చెప్పక్కర్లేదు, రోళ్ళు పగిలే ఎండ. జుకినీకి నచ్చేది పగలు 20 నుంచి 30 డిగ్రీల మధ్య వాతావరణం, అంటే మన దగ్గర దాదాపు నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా ఉండే వాతావరణం. అందుకే చిత్త, స్వాతి కార్తెల్లో, అంటే అక్టోబర్ రెండో వారం నుంచి నవంబర్ మొదటి వారం లోపల, వానలు కాస్త తెరిపిచ్చినంక మొదటి గింజలు పెట్టుకోవాలి. మూడు నాలుగు వారాల తర్వాత ఇంకో రెండు గింజలు, మళ్ళీ డిసెంబర్ చివర్లో ఇంకో రెండు. అన్నీ ఒకేసారి పెడితే అన్నీ ఒకేసారి కాసి ఒకేసారి ముసలైపోతయి, ఇంట్లో నాలుగు వారాలు రోజూ జుకినీ తిని తర్వాత మొహం మొత్తి వదిలేస్తరు.

జనవరి మొదటి వారం దాటితే కొత్తగా పెట్టకండి. శివరాత్రికి చలి శివశివా అని పోతది కదా, మార్చిలో ఎండ 35 దాటుతది, ఎండ, పగటి పొద్దు పెరిగిన కొద్దీ చెట్టుకి మగపూలే ఎక్కువ వస్తయి, వచ్చిన పుప్పొడికి కూడా బలం ఉండదు, తెల్లదోమ, ఆకుల రసం పీల్చే నల్లి రెండూ పండగ చేసుకుంటయి. షేడ్ నెట్ కట్టి ఏప్రిల్ దాకా లాగేవాళ్ళు ఉన్నరు కానీ ఆ శ్రమకి బీరో, దోసో పెట్టుకుంటే హాయిగా ఉంటది, అవి మన ఎండకి పుట్టినవి. వానాకాలంలో కూడా నేనైతే వద్దనే అంటా, జూలై ఆగస్టుల్లో ముసురు పట్టిందంటే ఆకులకి బూజు తెగులు, వేరు కుళ్ళు, కాయకి పండు ఈగ, తేనెటీగలు బయటికి రావు.

కుండీ, చోటు

జుకినీ గుమ్మడి జాతే గానీ పాకే తీగ కాదు, చాలా వరకు పొద లాగా ఒక్క చోటే కూర్చుని నాలుగు దిక్కులా రెండేసి అడుగులు ఆకులు చాపుతది. పందిరి అక్కర్లేదు, కానీ చోటు కావాలి. ఒక్క చెట్టుకి తక్కువలో తక్కువ 18 అంగుళాల వెడల్పు, 12 నుంచి 15 అంగుళాల లోతు ఉన్న గ్రో బ్యాగ్ కావాలి, 40 లీటర్ల మట్టి పట్టాలి. 20 లీటర్ల పెయింట్ బకెట్లో కూడా చెట్టు వస్తది, నాలుగైదు కాయలు ఇచ్చి అలసిపోతది, మధ్యాహ్నం అయ్యేసరికి రోజూ వాడిపోయి నిలబడతది. నేలలో పెట్టేవాళ్ళు చెట్టుకి చెట్టుకి మధ్య రెండున్నర మూడు అడుగులు వదలండి. ఒక్క చెట్టే పెట్టకండి, కనీసం రెండు, కుదిరితే మూడు. కారణం కింద పూల దగ్గర చెప్తా.

ఒక 40 లీటర్ల బ్యాగ్ తడిసినంక దాదాపు మనిషి బరువు ఉంటది, కాబట్టి స్లాబ్ మధ్యలో కాకుండా కింద బీమ్ లేదా గోడ వచ్చే చోట వరసగా పెట్టుకోవాలి, కింద ఇటుకలో స్టాండో పెట్టి నీళ్ళు పోయేటట్టు చేసుకోవాలి. అపార్ట్‌మెంట్ వాళ్ళు ముందే అసోసియేషన్‌లో మాట్లాడుకోండి, చెట్టు పూతకొచ్చినంక తీసేయమంటే ప్రాణం ఉసూరుమంటది.

ఎండ ఆరు గంటలు తప్పనిసరి. ఇక్కడ ఒక సంగతి చాలామంది చూసుకోరు. డిసెంబర్‌లో మన దగ్గర సూర్యుడు దక్షిణం వైపు బాగా వాలి నడుస్తడు, నడినెత్తికి రాడు. మూడడుగుల పిట్టగోడ ఉంటే దాని నీడ మిట్టమధ్యాహ్నం కూడా రెండున్నర అడుగులు పడతది. అంటే దక్షిణం పిట్టగోడకి ఆనించి పెట్టిన బ్యాగుకి చలికాలం అంతా సరిగ్గా ఎండ పడదు, ఎండాకాలంలో అదే చోట మాడిపోయేంత ఎండ చూసి ఉంటరు కాబట్టి అనుమానం రాదు. మీ మిద్దెకి ఉత్తరం వైపు పిట్టగోడ దగ్గర పెట్టుకోండి, దక్షిణాన పెద్ద బిల్డింగ్ అడ్డం లేకుండా చూసుకోండి, సరిపోతది.

మట్టి

ఎర్రమట్టి ఒక నాలుగు పాళ్ళు, బాగా మాగిన పశువుల ఎరువు గానీ వర్మీకంపోస్ట్ గానీ మూడు పాళ్ళు, కోకోపీట్, అంటే కొబ్బరి పీచు పొడి, రెండు పాళ్ళు, మిగిలిన ఒక పాలు ఇసుకో, ఎండి పొడైన ఆకుల ఎరువో. బ్యాగుకి రెండు పిడికిళ్ళ వేపపిండి. ఇంతే. పశువుల ఎరువు మాగిందా లేదా ముక్కుకి తెలుస్తది, పేడ వాసన వస్తే ఇంకా కాలేదు, తడి మట్టి వాసన రావాలి. పచ్చి ఎరువు వేస్తే వేర్లు కాలిపోతయి, దాంతో పాటు వేరుపురుగు ఫ్రీగా వస్తది. కోకోపీట్ ఇటుక కొంటే నానబెట్టి ఒకటి రెండు సార్లు నీళ్ళు మార్చి పిండి వాడండి, దాంట్లో ఉప్పు ఉంటది. నల్లరేగడి కుండీల్లోకి వద్దు, తడిస్తే బంక, ఎండితే రాయి.

బూడిద చల్లడం మన పాత అలవాటే, మంచిదే, కానీ హైదరాబాద్‌లో బోరు నీళ్ళు పోసేవాళ్ళు కాస్త చూసి వేయండి. మన బోరు నీళ్ళు చాలా ఏరియాల్లో ఉప్పుగా, క్షారంగా ఉంటయి, కుండీ అంచుల చుట్టూ తెల్లగా పేరుకుంటది చూడండి, అదే. దాని మీద బూడిద గుప్పిళ్ళకొద్దీ పోస్తే మట్టి ఇంకా క్షారం అయి ఆకులు పాలిపోతయి. మున్సిపల్ నల్లా నీళ్ళు దొరికితే అవే పోయండి, లేదంటే వానాకాలంలో కుండీలు బాగా తడిసి ఉప్పు కొట్టుకుపోయిన మట్టిని అక్టోబర్‌లో వాడుకోండి.

గింజ

మన దగ్గర దొరికేవి దాదాపు అన్నీ హైబ్రిడ్లే, ఆకుపచ్చ, పసుపుపచ్చ రెండు రంగులు. కొత్తవాళ్ళు ఆకుపచ్చ ఒకటి, పసుపు ఒకటి పెట్టుకోండి, పసుపు కాయ ఆకుల్లో బాగా కనబడతది, దాక్కుని ముదిరిపోవడం ఉండదు. ప్యాకెట్ వెనక ప్యాకింగ్ తేదీ చూడండి. గింజలు గులాబీ రంగులోనో నీలం రంగులోనో ఉంటే మందు పట్టించినవి, నానబెట్టకుండా నేరుగా పెట్టేయండి, పిల్లలకి అందకుండా పెట్టండి. మందు లేని గింజలైతే నాలుగు గంటలు నానబెడితే చాలు, రాత్రంతా నానబెట్టి ఇంకో రోజు మర్చిపోతే కుళ్ళిపోతయి.

బ్యాగులోనే నేరుగా ముప్పావు అంగుళం లోతులో, గింజని పడుకోబెట్టకుండా అంచు మీద నిలబెట్టినట్టు రెండేసి గింజలు పెట్టాలి, మొలిచినంక బలమైనది ఉంచి రెండోది కత్తెరతో కోసేయాలి, పీకకూడదు, పీకితే పక్క దాని వేరు కదులుతది. పేపర్ కప్పులో మొలిపించినా పర్లేదు గానీ రెండు మూడు అసలాకులు రాగానే మట్టి గడ్డతో సహా మార్చేయాలి, జుకినీ వేరు కదిలితే పది రోజులు అలిగి కూర్చుంటది. అక్టోబర్ వేడికి అయిదారు రోజుల్లో మొలకొస్తది, డిసెంబర్ చివర్లో ఇంకో నాలుగు రోజులు ఎక్కువ చూడాలి.

గింజ పెట్టిన రాత్రే ఎలుక తవ్వుకుపోవడం మన మిద్దెల మీద మామూలే, గుమ్మడి గింజ అంటే వాటికి జీడిపప్పు కింద లెక్క. మొలకొస్తే పావురాలు. అడుగు కోసేసిన రెండు లీటర్ల వాటర్ బాటిల్ మూత తీసి మొలక మీద బోర్లించి మట్టిలోకి గుచ్చేయండి, రెండు వారాలు అట్లనే ఉంచండి. కోతుల బాధ ఉన్న కాలనీల వాళ్ళకి మాత్రం నెట్ కట్టుకోవడం తప్ప నా దగ్గర మందు లేదు.

నీళ్ళు, మేత

చలికాలంలో రోజూ పొద్దున ఒకసారి, మొదలు దగ్గర, ఆకులు తడవకుండా. వేలు రెండు కణుపుల దాకా మట్టిలో పెట్టి చూస్తే పొడిగా ఉంటేనే పోయండి. మధ్యాహ్నం ఎండకి ఆకులు వేలాడినంత మాత్రాన పరిగెత్తుకెళ్ళి నీళ్ళు పోయక్కర్లేదు, అంత వెడల్పు ఆకు నుంచి పోయే నీళ్ళు వేరు లాగే నీళ్ళ కంటే ఎక్కువైనప్పుడు అట్లా వేలాడతది, సాయంత్రం లేచి నిలబడితే ఏం కాలేదన్నట్టే. పొద్దున చూసినప్పుడు కూడా వేలాడుతుంటేనే ఆలోచించాలి.

మట్టి మీద ఎండుటాకులు, కొబ్బరి పీచు ఏదో ఒకటి కప్పండి. చెరుకు రసం బండి దగ్గర పిప్పి ఊరికే ఇస్తరు, కానీ తెచ్చింది తెచ్చినట్టు వేస్తే చీమలు బారులు కడతయి, రెండు రోజులు ఎండలో ఆరబెట్టి వేయండి.

ఎరువు సంగతి తొందరగా చెప్పేస్తా. మొదట కలిపింది నెల రోజులు సరిపోతది. మొగ్గలు కనబడ్డంక పదిహేను రోజులకోసారి రెండు మూడు గుప్పిళ్ళ వర్మీకంపోస్ట్ మొదలుకి దూరంగా చుట్టూ వేసి కలపాలి, మధ్యలో జీవామృతం (పేడ, గోమూత్రం, బెల్లం కలిపి పులియబెట్టింది) ఉంటే ఒకటికి పది నీళ్ళు కలిపి పోయాలి. ఆకులు నల్లగా నిగనిగలాడుతూ పూలు లేకపోతే నత్రజని ఎక్కువైందని అర్థం, అప్పుడు ఎరువు ఆపాలి, పెంచకూడదు.

అసలు పని పొద్దున్నే

జుకినీకి ఒకే చెట్టు మీద మగపూలు వేరు, ఆడపూలు వేరు. మగపువ్వు సన్నటి పొడుగు కాడ మీద నిలబడతది, లోపల ఒక్కటే పసుపు కర్ర, తాకితే వేలికి పొడి అంటుతది. ఆడపువ్వు పొట్టిగా చెట్టు మొదలుకి దగ్గరగా ఉంటది, పువ్వు వెనకాలే వేలంత జుకినీ పుట్టుకతోనే ఉంటది. ఇక్కడే అందరూ పొరపడేది, ఆ పిందె చూసి కాయ పడింది అనుకుంటరు, కాయ ఇంకా పడలేదు, అది పువ్వులో భాగం. మగపువ్వు పుప్పొడి అందితేనే కాయ అయితది, అందకపోతే మూడు నాలుగు రోజుల్లో పసుపు తిరిగి రాలిపోతది. దానికి ఎరువుతో సంబంధం లేదు.

మా పక్క ఫ్లాట్ ఆంటీ వాళ్ళది జనగామ వైపు, ఒక రోజు పొద్దున నేను పూలు విప్పుకుంటూ కూర్చుంటే వచ్చి తొంగి చూసి "గీ పువ్వుల గౌరమ్మ ఉన్నది గదనే, గిదే ఆడపువ్వు, దీన్ని తెంపకు" అన్నది. బతుకమ్మ మీద గుమ్మడి పువ్వు మధ్యది తీసి గౌరమ్మగా పెట్టేవాళ్ళకి వేరే పాఠం అక్కర్లేదు, జుకినీ పువ్వు కూడా అచ్చు అట్లనే ఉంటది, ఆడపువ్వు నడుమ మూడు నాలుగు పాయలుగా ముద్దగా జిగురు జిగురుగా ఉండే భాగం, అదే పుప్పొడి పట్టుకునేది.

పువ్వు తెల్లవారుజామున విచ్చుకుంటది, ఎండెక్కినంక పది లోపు ముడుచుకుంటది, మళ్ళీ ఈ జన్మలో తెరుచుకోదు. ఒక్క పువ్వుకి ఒక్క పొద్దు. కాబట్టి ఆరున్నర నుంచి ఎనిమిదిన్నర మధ్యలో పైకి పోవాలి. రేపు ఏది విచ్చుకుంటదో ముందు రోజు సాయంత్రమే తెలుస్తది, మొగ్గ కొన ఆకుపచ్చ పోయి నారింజ రంగు తేలితే రేపు పొద్దున దాని పని ఉందన్నట్టు.

చేసేది ఇంతే. బాగా విచ్చుకున్న మగపువ్వు ఒకటి కాడతో సహా తెంపాలి. రేకులు చుట్టూ ఒలిచేయాలి, చేతిలో కాడ, కొనకి పసుపు కర్ర మిగులుతది. వేలితో ముట్టి చూడండి, పొడి అంటితే పనికొస్తది, తేమగా ముద్దగా ఉంటే మంచు ఆరేదాకా పావుగంట ఆగండి. ఆడపువ్వు రేకులు ఎడమ చేత్తో నెమ్మదిగా పక్కకి పట్టుకుని, లోపలి ప్రతి పాయ మీదా చుట్టూ తిప్పుతూ మెత్తగా రాయాలి, గట్టిగా గుచ్చకూడదు. అన్ని పాయలకీ పసుపు పొడి అంటినట్టు కంటికి కనబడాలి. ఒక పక్కే అంటితే కాయ ఒక పక్కే ఊరి వంకర తిరుగుతది, కొన సన్నబడి ఆగిపోతది. ఒక మగపువ్వుతో రెండు మూడు ఆడపూలకి రాయొచ్చు. మర్నాటికి పువ్వు ముడుచుకుని ఉంటది, మూడో రోజుకి పిందె రంగు ముదిరి మెరుస్తూ కాస్త లావైతే పట్టినట్టే.

మొదట్లో వారం పది రోజులు ఒట్టి మగపూలే వస్తయి, కంగారు పడొద్దు, అవి బజ్జీలకి పనికొస్తయి. ఒక్కోసారి చలి వల్ల మొట్టమొదట ఆడపువ్వే వచ్చేస్తది, మగది లేక ఆ పిందె రాలిపోతది, అదీ మామూలే. రెండు మూడు చెట్లు పెట్టమన్నది ఇందుకే, ఒక చెట్టు మీద ఆడది విచ్చుకున్న రోజు ఇంకో చెట్టు మీదైనా మగది ఉంటది. మగపూలు ఎక్కువున్న రోజు రెండు తెంపి డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచితే మర్నాటికి వాడుకోవచ్చు. సొర, బీర పుప్పొడి రాస్తే పట్టదు, వాటి జాతి వేరు. కొన్ని కంపెనీలవి పుప్పొడి లేకుండానే కాయ పట్టే రకాలు ఉన్నయి, ప్యాకెట్ మీద పార్థినోకార్పిక్ అని రాసి ఉంటది, పొద్దున్నే ఆఫీస్ క్యాబ్ ఎక్కేవాళ్ళు అవి వెతుక్కోవడం మేలు.

తేనెటీగలు వస్తే సగం పని అవే చేస్తయి. పక్కన తులసి, బంతి, ఒక రెండు పొద్దుతిరుగుడు ఉంచండి. ఏ మందైనా, వేపనూనె అయినా సరే, పొద్దున పూలు విచ్చుకున్నప్పుడు కొట్టొద్దు, సాయంత్రం ఎండ తగ్గినంకనే.

పురుగు, తెగులు

ముందు ఒక మాట, జుకినీ ఆకు మీద నరాల పక్కన వెండి రంగు మచ్చలు చాలా రకాలకి పుట్టుకతోనే ఉంటయి. అది తెగులు కాదు. వేలితో రుద్ది చూడండి, తెల్లటి పొడి వేలికి వస్తే బూడిద తెగులు, రాకపోతే దాని డిజైన్ అంతే. మచ్చలు కాకుండా ఆకు పైభాగం మొత్తం వెండి రేకు లాగా మారితే మాత్రం ఆకు తిప్పి చూడాలి, అడుగున తెల్లదోమ పిల్లలు ఉంటయి.

మొలక దశలో నారింజ రంగు గుమ్మడి పెంకుపురుగు వచ్చి ఆకుల్ని జల్లెడ చేస్తది. పొద్దున చలికి మొద్దుగా ఉంటది, చేత్తో ఏరి సబ్బు నీళ్ళల్లో వేయడమే ఉత్తమం. దాని పిల్లలు మట్టిలో వేర్లు తింటయి, వేపపిండి వేయమన్నది అందుకే. తెల్లదోమ, పేనుబంకకి పసుపు జిగురు అట్టలు రెండు వేలాడదీసి, వేపనూనె లీటరు నీళ్ళకి 5 మిల్లీలీటర్లు, నాలుగు చుక్కల సబ్బు కలిపి ఆకు అడుగున తడిసేట్టు కొట్టాలి. ముందు ఒక ఆకు మీద కొట్టి రెండు రోజులు చూడండి, జుకినీ ఆకు సుకుమారం. ఆకులు ముడతలు పడి లేత, ముదురు ఆకుపచ్చ మచ్చలు కలిసి, కాయలు బుడిపెలు తేలితే అది మొజాయిక్ వైరస్, దానికి మందు లేదు, పేనుబంక దాన్ని పక్క చెట్టుకి మోస్తది. జాలి పడకుండా పీకి కవర్లో కట్టి చెత్త బండిలో వేసేయండి, చేతులు, కత్తెర కడుక్కోండి.

బూడిద తెగులు జనవరిలో దాదాపు అందరికీ వస్తది. మిగతా తెగుళ్ళ మాదిరి కాదు, దీనికి ఆకు తడవాల్సిన పని లేదు, పగలు పొడి, రాత్రి చల్లటి తేమ ఉంటే చాలు, మన చలికాలం అంతా అదే కదా. కనబడిన మొదటి రోజే పట్టుకోవాలి. పాలు వాడండి, వింతగా ఉన్నా ఇది చిట్కా కాదు, 1999లో బ్రెజిల్‌లో బెట్టియోల్ అనే శాస్త్రవేత్త గ్రీన్‌హౌస్‌లో జుకినీ మొక్కల మీదే పరీక్ష చేసి ఆవుపాలు పని చేస్తయని పేపర్ రాసిండు. ఒక వంతు పాలు, తొమ్మిది వంతుల నీళ్ళు, వారానికి రెండు సార్లు, ఎండ ఉన్నప్పుడు, పూలు ముడుచుకున్నంక, ఆకు రెండు వైపులా. బాగా ముదిరిన ఆకులు కోసేయండి. గంధకం పొడి వాడేవాళ్ళు వేపనూనె కొట్టిన రెండు వారాల లోపల మాత్రం వాడకండి, ఆకులు మాడతయి.

పండు ఈగ పిందెలో గుడ్లు పెడతది, కాయ మీద చిన్న చుక్క, జిగురు కారడం, కోస్తే లోపల పురుగు. ట్రాప్ కొనేటప్పుడు జాగ్రత్త, షాపులో ఫ్రూట్ ఫ్లై ట్రాప్ అనగానే మామిడి తోటలకి వాడే మిథైల్ యూజినాల్ బిళ్ళ ఇచ్చేస్తరు, గుమ్మడి జాతి కాయల మీద వాలే ఈగ దానికి రాదు, క్యూ ల్యూర్ అని అడిగి తీసుకోవాలి. పుప్పొడి రాసిన మూడో రోజు పిందెకి పేపర్ కవరో, పల్చటి గుడ్డ సంచో తొడిగినా సరిపోతది. పుచ్చిన కాయలు చెట్టు కింద వదలొద్దు, మూట కట్టి పడేయండి.

విదేశీ వీడియోల్లో కాండం తొలిచే పురుగు గురించి భయపెడతరు, అది అమెరికా పురుగు, దాని కోసం కాండానికి అల్యూమినియం ఫాయిల్ చుట్టే పని పెట్టుకోకండి.

ఇంకోటి, కాయ బాగానే పెరుగుతూ కొన దగ్గర నల్లగా గుంట పడి కుళ్ళితే అది కాల్షియం అందకపోవడం, మట్టిలో లేక కాదు, ఒక రోజు ఎండబెట్టి ఒక రోజు ముంచెత్తడం వల్ల పైకి అందదు. గుడ్డు పెంకులు ఇవాళ వేస్తే కరిగేసరికి చెట్టు ఆయుష్షు అయిపోతది. నీళ్ళు ఒక పద్ధతిలో పోస్తే తర్వాతి కాయలు బాగుంటయి.

కోత

పువ్వు విచ్చుకున్న నాలుగు నుంచి ఏడు రోజుల్లో కాయ ఆరు నుంచి ఎనిమిది అంగుళాలకి వస్తది, అప్పుడే కోసేయాలి. ఇంకా పెద్దది చేద్దాం అని ఆశపడితే గింజ ముదిరి పీచు పట్టి రుచి పోతది, పైగా చెట్టు తన పని అయిపోయిందనుకుని కొత్త పిందెలు ఆపేస్తది. కాపు మీద ఉన్నప్పుడు రోజు మార్చి రోజు ఆకులెత్తి చూడండి, పూర్తి చేతుల చొక్కా వేసుకోండి, ఆ కాడలకి ముళ్ళలాంటి నూగు ఉంటది, గీరుకుంటే సాయంత్రం దాకా దురద. చాకుతో అంగుళం తొడిమ ఉంచి కోయాలి, మెలిపెట్టి లాగితే కాండం చీలుతది. కోసిన కాయల కింద ఉన్న పాత ఆకులు ఎండ బాగా ఉన్న పూట కోసేస్తే గాలి ఆడతది, కాండం పొడుగై ఒరిగిపోతుంటే కర్ర పాతి పాత చీర అంచుతో వదులుగా కట్టేయండి.

వంటకి పెద్ద పురాణం లేదు, తొక్క తీయక్కర్లేదు, బీరకాయ ఎట్లా వండుతరో అట్లా, కందిపప్పులో బాగుంటది, పచ్చిమిర్చి, చింతపండుతో రోటిపచ్చడి ఇంకా బాగుంటది. నీళ్ళు వదులుతది కాబట్టి ఉప్పు చివర్లో వేయండి. వండే ముందు చిన్న ముక్క నాలుక మీద పెట్టి చూడండి, ఎప్పుడో ఒకసారి విపరీతమైన చేదు వస్తే ఉమ్మేసి కాయ పారేయండి, వండితే ఆ చేదు పోదు. సొర, జుకినీ, దోస అన్నింట్లో ఆ చేదు కుకుర్బిటాసిన్ అనే విష పదార్థం వల్లే, చేదు సొరకాయ రసం తాగొద్దని ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) కమిటీ కూడా చెప్పింది. అందుకే హైబ్రిడ్ కాయ ముదరబెట్టి గింజ దాచుకోవడం కూడా వద్దు, పుప్పొడి ఎక్కడిదో తెలియదు, వచ్చే చెట్టు ఎట్లాంటిదో తెలియదు, దాని కాయ చేదు రావొచ్చు.

మార్చి రెండో వారానికి ఆకులు గరుకుబారి, పిందెలు తగ్గి, చెట్టు చూస్తేనే తెలిసిపోతది. అప్పుడు నీళ్ళు, పాలు, వేపనూనె అని సాగదీయకుండా పీకేయండి. ఆ బ్యాగులో వెంటనే బీర, సొర, దోస పెట్టకండి, అవి కూడా గుమ్మడి కుటుంబమే కాబట్టి మట్టిలో ఉన్న పురుగు, తెగులు వాటికే ఎక్కుతది. మట్టి తిరగేసి వారం పది రోజులు ఎండకి ఎండబెట్టి, గుప్పెడు వేపపిండి, కొంచెం కొత్త ఎరువు కలిపి బెండో, గోంగూరో చల్లేయండి, రెండూ మన ఎండని లెక్క చేయవు.